నీళ్లు చూసి ఎంచుకున్న హోటలు

మా ల్యాబులో ఆమెను అందరం సీసాలక్క అంటాం. బయటివాళ్లు వింటే వేరే అర్థం తీస్తారని మా మేనేజరు ఒకట్రెండుసార్లు మందలించాడు. సీసాలక్కే అతన్ని ఊరుకోబెట్టింది. "సీసాలు ఖాళీ చేసేవాళ్లకి సిగ్గుండాలి గానీ, నింపుకొచ్చేదానికి నాకెందుకు సార్?" అంది.

ఆమె ఉద్యోగం నీళ్లు పట్టుకురావడం. హోటళ్లలో ఈత కొలనులు, బళ్లలో తాగునీటి తొట్లు, ఆస్పత్రుల ట్యాంకులు, ఇవన్నీ ఆమె చుట్టబెట్టే చోట్లు. తెల్లవారుతూనే స్కూటరు వెనక ఐసుపెట్టె కట్టుకుని బయల్దేరుతుంది. కొలను గట్టున మోకాళ్ల మీద కూర్చుని, చేతికి తొడుగేసుకుని, సీసా మూత తీసి, మూతిని కిందికి పెట్టి మోచేతి దాకా ముంచి, అక్కడ తిప్పి నింపుతుంది. ఆ సీసా అడుగున క్లోరిన్‌ని విరిచేసే మందు ముందే ఉంటుంది. లేకపోతే దారిలోనే క్లోరిన్ క్రిములను చంపేస్తుంది, మాకు అంతా శుభ్రంగా ఉన్నట్టు కనబడుతుంది. ల్యాబుకు తెచ్చిన సీసాల మీద పేర్లుండవు, చోటుకో నంబరు, అది కొలనుదో ట్యాంకుదో, అంతే ఉంటాయి. పరీక్ష చేసేది నేను. ఏ నీళ్లలో ఏం పెరిగిందో నాకు తెలుస్తుంది గానీ అవి ఎక్కడివో తెలియదు. ఎక్కడివో ఆమెకు తెలుసు, వాటిలో ఏం పెరిగిందో తెలియదు. మొహమాటానికి ఎవరి ఫలితాలూ మార్చకుండా ఉండడానికి పెట్టుకున్న పద్ధతి అది.

సీసాలక్క గురించి ముందుగా చెప్పాల్సింది ఆమె కుళ్లు. ఆ మాట నేను అనడం లేదు, ఆమే అంటుంది. నేను కొత్త చెప్పులు వేసుకొస్తే, "బాగున్నాయి చెల్లీ, నా కడుపు మండిపోతోంది" అని ముఖం మీదే చెప్పి, ఒక కాలి జోడు విప్పించి తను తొడుక్కుని చూసింది. మేనేజరు కారు మారిస్తే దాని చుట్టూ ఒకసారి తిరిగి, "సార్, మీ మీద నాకు ఈర్ష్యగా ఉంది, ఈ వారం నాతో కాస్త జాగ్రత్తగా ఉండండి" అంది. అంతే, మధ్యాహ్నానికల్లా మరిచిపోయింది. పైకి చెప్పేసిన కుళ్లు ఆమెలో నిలవుండేది కాదు.

పైకి చెప్పలేనిది ఒకటుంది. అది తోడికోడలి మీద.

తోడికోడలు అంటే ఆమె భర్త అన్నగారి భార్య. వాళ్లకి గచ్చు పలకల దుకాణం, పెద్దది. అందుకని సీసాలక్క మా దగ్గర ఆవిణ్ని ఎప్పుడూ టైల్సావిడ అనే అంటుంది, ఎదురుగా మాత్రం "అక్కా". టైల్సావిడకి పెద్ద ఇల్లుంది, కారుంది, వంటకి మనిషి ఉంది. ఇవేవీ సీసాలక్కని బాధపెట్టలేదు. బాధపెట్టింది ఒక్కటే. సీసాలక్క కూతురికి పెద్దమ్మంటే ప్రాణం.

ఆ పిల్లకి ఏడేళ్లు. ఇంట్లో అందరూ పెద్దపిల్ల అంటారు, తరవాతివాడు నాలుగేళ్ల బుడ్డోడు కాబట్టి. ఒక ఆదివారం టైల్సావిడ ఇంటి పెరట్లో పెద్దపిల్ల ఉయ్యాల మీంచి పడి మోకాలు కొట్టుకుంది. సీసాలక్క చేతులు చాచుకుని పరుగెత్తింది. పిల్ల ఏడుస్తూ లేచి, ఆ చాచిన చేతుల పక్కనుంచి తప్పుకుని, అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ ఒళ్లో తల పెట్టింది. టైల్సావిడ ఫోను చూస్తూనే ఒక చేత్తో మోకాలు నిమిరి "ఉఫ్" అని ఊదింది. పిల్ల నవ్వింది.

"ఊదితే నోట్లో ఉన్న క్రిములన్నీ పుండులోకి పోతాయి కదా చెల్లీ?" అని మర్నాడు నన్నడిగింది సీసాలక్క.

"పోతాయక్కా" అన్నాను. నా కూతురికి అప్పటికి ఏడాది. దాని పాలసీసాను రెండుసార్లు ఉడకబెట్టేదాన్ని. మా ఇద్దరికీ అందుకే జతకుదిరింది.

"మరి అది నా దగ్గరికే రావాలి కదా?"



వేసవి సెలవులు వస్తున్నాయనగా ఒకరోజు అందరూ టైల్సావిడ ఇంట్లో భోజనాలకి కూర్చున్నారు. ఆవిడ వడ్డిస్తూ వడ్డిస్తూ చెప్పింది.

"ఈసారి మేం సముద్రం పక్కన రిసార్టుకి పోతున్నాం. పిల్లలకోసమే కట్టారట దాన్ని. మూడంతస్తుల ఎత్తున జారుడుబల్ల, తిన్నగా నీళ్లలోకి. ఏమ్మా, మీ పెద్దపిల్లని మాతో పంపు. మా పిల్లలిద్దరితోపాటు మూడోది. నాకేం బరువు?"

పెద్దపిల్ల కంచం ముందు నుంచి అలాగే లేచి నిలబడింది. "పెద్దమ్మా, నేను ముందు సీట్లో కూచుంటా!"

"కూచుందువుగాని."

"దానికి నీళ్లంటే భయం అక్కా" అంది సీసాలక్క.

"నాకేం భయం లేదు. నీకే భయం" అంది పిల్ల.

సీసాలక్క ఒక గుటక నీళ్లు తాగింది. "అసలు సంగతేంటంటే, మేం కూడా వెళ్తున్నాం. సరిగ్గా ఆ రోజుల్లోనే. చెప్పడం మరిచిపోయాను."

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నెమ్మదస్తుడు. నోటి దగ్గరికి వచ్చిన ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "మనం వెళ్తున్నామా?"

"వెళ్తున్నాం కదండీ. మొన్న అనుకున్నాం."

"అనుకున్నాం, అనుకున్నాం" అన్నాడాయన, ముద్ద మింగి. పాతికేళ్లుగా లిఫ్టులతో మెలిగినవాడు, మధ్యలో ఇరుక్కుంటే కదలకూడదని ఆయనకి తెలుసు.

"ఎక్కడికో?" అంది టైల్సావిడ.

"ఇంకా మంచి చోటికి" అంది సీసాలక్క.

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. "పెద్దమ్మ వెళ్లేదానికంటేనా?"

"దానికంటే."

"ఒట్టు?"

"ఒట్టు."

అలా మొదలైంది. వెళ్లే చోటు బాగా లేకపోతే పిల్ల జన్మలో మరవదు. బాగుంటే ఒక్కసారైనా పెద్దమ్మ పేరెత్తకుండా అమ్మతో గడిపానని చెప్పుకుంటుంది. సీసాలక్కకి కావలసింది ఆ ఒక్కసారే.

తరవాత ఓ నెలపాటు మా ల్యాబులో వేరే మాట లేదు. మేనేజరు కొండల మీద చెక్క ఇళ్ల గురించి చెప్పాడు. పడవలో గదులుంటాయని, రాత్రి నీళ్ల మీదే నిద్రని నేను చెప్పాను. సీసాలక్క ప్రతిదానికీ తల అడ్డంగా ఊపింది. ఆమెతో ఒక చిక్కుంది. మిగతావాళ్లు హోటలు అనగానే గదులు, తెరలు, దుప్పట్లు ఊహించుకుంటారు. ఆమె అన్ని హోటళ్లనూ వెనక గేటు నుంచి ఎరుగును.

"ఆ అద్దాల హోటలా? దాని పంపుల గదిలో అడుగు పెడితే చెప్పు అతుక్కుపోతుంది. పైన ఉన్నది పాలరాయి, కింద ఉన్నది పాచి."

"అక్కా, మనం ఉండేది పంపుల గదిలో కాదుగా" అన్నాను.

"నీళ్లు వచ్చేది అక్కణ్నుంచే కదా. నా పిల్లలు మునిగేది ఆ నీళ్లలో కదా."

"మరి టైల్సావిడ వెళ్లే రిసార్టు?"

ముఖం వెలిగింది. "అదా! దాని కొలను దగ్గరికి పోతే కళ్లు మండుతాయి. జనం ఆ ఘాటు వాసన చూసి అబ్బ ఎంత శుభ్రం అనుకుంటారు. మందు ఎక్కువై వచ్చే వాసన కాదది, నీకు తెలుసుగా. చెమటా, ఉచ్చా క్లోరిన్‌తో కలిస్తే వచ్చేది. పిల్లల రాజ్యమట! ఉచ్చ రాజ్యం." అంటూ ఎంత తృప్తిగా నవ్విందో.

మరి మంచి నీళ్లు ఎక్కడివో తెలుసుకోవడం ఎలా? ఒకరోజు సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుంది.

"చెల్లీ, నాకు పేరు వద్దు, నంబరు చెప్పు చాలు. నువ్వు ఇన్నాళ్లూ చూసిన ఈత కొలను నీళ్లలో ఎప్పుడూ ఏమీ పెరగనిది ఏది?"

వెతకాల్సిన పని లేదు. ఆ నంబరు నాకు బాగా గుర్తు. నెలకోసారి వచ్చేది, ప్రతిసారీ క్రిములు పెంచే గాజు పళ్లెం ఖాళీగా ఉండేది. మొదట్లో నేనే అనుమానపడి మళ్లీ పరీక్ష చేశాను. మళ్లీ ఖాళీయే. "అరవై రెండు" అన్నాను. "ఆ నీళ్లయితే మా పిల్లకి స్నానం ఏమిటి, తాగించినా భయం లేదు."

సీసాలక్క కళ్లు మూసుకుంది. ఆ కొలను ఆమె కళ్ల ముందు కనబడుతున్నట్టుంది. "నాకు తెలుసు. నేననుకున్నదే. ఎంత పద్ధతిగా ఉంటుందో అక్కడ! గట్టు మీద తడి తువ్వాలు ఉండదు, గాలి బాతుల్లేవు, రంగు బంతుల్లేవు, అరుపుల్లేవు. తెల్లటి గొడుగులు, తెల్లటి మంచాలు. అంత నిశ్శబ్దంలో నీళ్లు కూడా మర్యాదగా ఉంటాయి."

నేను చదివింది సైన్సు. ఒక పళ్లెంలో ఏమీ పెరగలేదంటే ఎందుకు పెరగలేదని అడగడం నాకు నేర్పారు. ఆరోజు నేను ఆమె ముఖం చూశాను గానీ ఆ ప్రశ్న వేయలేదు.

ఆ హోటల్లో పంపులు చూసే సూపర్‌వైజరు ఆమెకు పరిచయస్తుడు. ఎన్నాళ్లుగానో, "మేడమ్, ఒకసారి ముందు గేటు నుంచి రండి, సిబ్బంది రేటుకి గది ఇప్పిస్తా" అంటూ ఉండేవాడు. ఈసారి ఆమె అడిగింది. "నలుగురం వస్తాం. పెద్ద గది కావాలి, కొలను కనబడేది." ఆయన సంతోషంగా సరేనన్నాడు. మంచి గది, పైఅంతస్తులో. సిబ్బంది రేటే అయినా లిఫ్టాయన కొత్త బండి కొనే ఆలోచన మానుకున్నాడు. మానుకున్నానని అనలేదు. పాత బండికి కొత్త సీటు వేయించుకుని, "ఇది ఇంకా బాగుంది" అన్నాడు.

హోటలు పేరు వినగానే టైల్సావిడ ముఖంలో రంగు మారింది. "అక్కడికా? మా ఆయన దుకాణంవాళ్లు విందు పెట్టుకుందామని అడిగితేనే కుదర్లేదన్నారే!"

"మనకి తెలిసినవాళ్లున్నార్లే అక్కా" అంది సీసాలక్క. ఆ వాక్యాన్ని నాకు మూడు నాలుగు రకాలుగా అని చూపించింది. తోడికోడలి పెదవి ఎటు వంగిందో కూడా చూపించింది. "పుట్టాక మొదటిసారి చెల్లీ, ఆవిడ నన్ను చూసి కుళ్లుకుంది. కడుపు చల్లబడింది."

వెళ్లే రోజు వచ్చింది. టైల్సావిడ వాళ్లు పొద్దున్నే కారులో రిసార్టుకి వెళ్లిపోయారు. రిసార్టూ హోటలూ ఒకే సముద్రపు రోడ్డు మీదే, కాస్త ఎడంగా. వీళ్లు మధ్యాహ్నం టాక్సీ కట్టించుకున్నారు. సీసాలక్క పెళ్లి నాటి పట్టుచీర కట్టింది. పిల్లలిద్దరూ ఇంటి దగ్గరే ఈత టోపీలు పెట్టేసుకున్నారు, వద్దంటే విన్లేదు. బుడ్డోడు గాలి మొసలిని ఊది పట్టుకుని కూర్చున్నాడు. దారిపొడుగునా దాని తోక డ్రైవరు చెవికి తగులుతూనే ఉంది.

ముందు గేటు దగ్గర టాక్సీ ఆగినప్పుడు సీసాలక్క కాసేపు దిగలేదట. వెనక గేటు ఎటుందో, అక్కడ కాపలావాడు ఏ కుర్చీలో కూర్చుంటాడో ఆమెకు తెలుసు. ఈ గేటు దగ్గర పూలకుండీలున్నాయని మాత్రం అప్పుడే చూసింది.

లోపల కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి చిరునవ్వుతో లేచి, మొసలిని చూసింది. తరవాత దాన్ని పట్టుకున్న బుడ్డోణ్ని చూసింది. చిరునవ్వు అలాగే ఉంది గానీ కళ్లు మారిపోయాయి.

"మేడమ్, పిల్లల్ని దింపి వెళ్తారా?"

"ఎక్కడ దింపాలి?"

"అంటే... మీతో ఉండేది వీళ్లు కాదు కదా?"

"మాతోనే. నలుగురం అని చెప్పాను."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "మేడమ్, మా హోటలు పెద్దవాళ్లకి మాత్రమే. పదహారేళ్లలోపు పిల్లలకి ప్రవేశం లేదు. బయట బోర్డు కూడా ఉంది."

ఉంది. ముందు గేటు పక్కన, పూలకుండీల వెనక, బంగారు అక్షరాల్లో. వెనక గేటు నుంచి వచ్చేవాళ్లకి అది కనబడదు. తెల్లవారుజామున వచ్చి, అతిథులు లేవకముందే వెళ్లిపోయే మనిషికి అక్కడ పిల్లల్లేరని ఎలా తెలుస్తుంది? ఆ వేళకి ఏ హోటల్లోనూ పిల్లలు కనబడరు.

పంపుల సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. పాపం, చేతులు నలుపుకుంటూ, "నలుగురం అన్నారు మేడమ్, మీరూ సారూ, ఇంకో జంట అనుకున్నాను. ఇక్కడికి పిల్లల్ని ఎవరూ తీసుకురారు కదా, ఆ సంగతి అందరికీ తెలుసు కదా అని..." అన్నాడు.

"మరి నీళ్లు అంత శుభ్రంగా..." అని సీసాలక్క మాట మధ్యలో ఆపేసింది.

లిఫ్టాయనకి నవ్వు ఆగలేదు. ఆపుకుందామని చూశాడు, ముక్కులోంచి వచ్చేసింది. "పిల్లలు దిగని కొలనులో నీళ్లు శుభ్రంగా ఉండక చస్తాయా? ఓసి నీ తెలివి తెల్లారా! ఉచ్చపోసేవాడే లేని చోటు వెతికి పట్టుకున్నావు కదే!"

"అమ్మా, ఉచ్చ వస్తోంది" అన్నాడు బుడ్డోడు.

పెద్దపిల్ల మాత్రం ఏడవలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుంది. "పెద్దమ్మతో వెళ్లి ఉంటే ఈపాటికి జారేదాన్ని" అంది, ఎవరితోనో కానట్టు. ఏడ్చి ఉంటే నేను తట్టుకునేదాన్ని చెల్లీ, అని ఆ మాట చెప్పేటప్పుడు సీసాలక్క నా వైపు చూడలేదు.

కౌంటరమ్మాయి మంచిది. గదిని వదులుకోనక్కర్లేదని, పెద్దవాళ్లు ఉండొచ్చని చెప్పింది. లిఫ్టాయన భార్యను పక్కకి తీసుకెళ్లాడు.

"ఒక పని చేద్దాం. నేను వీళ్లిద్దర్నీ వదిన దగ్గరికి తీసుకెళ్తా. వాళ్లు రానిస్తారు. నువ్వు ఇక్కడే ఉండు. మంచం మీద పడుకో, నీళ్లలో దిగు. ఇంత సింగారించుకున్నావు."

"నేను లేకుండా? ఆవిడ ముందుకా?"

"అయితే ఏమైంది?"

"ఏమవుతుందా? మీరు ముగ్గురూ వెళ్లి నిలబడితే, అమ్మేదీ అని అడుగుతుంది. హోటల్లో హాయిగా పడుకుందని మీరు చెబుతారు. అయ్యో పాపం పిల్లలు అని ఆవిడ పెద్దపిల్ల తల నిమురుతుంది. ఇంక నేను ఆ ఇంట్లో తలెత్తుకోగలనా?"

"సరే, ఇంటికి పోదాం."

ఆమె కూతురి వైపు చూసింది. పిల్ల టోపీలో వేళ్లు దూర్చి తిప్పుతోంది. కక్కలేక మింగలేక సీసాలక్క ఫోను తీసింది. జీవితంలో తను చేసిన అన్ని ఫోన్లలోకి అదే కష్టమైందట.

"అక్కా, నేను. మేం అక్కడికి వస్తే గది దొరుకుతుందా?"

అవతల పిల్లల కేకలు, నీళ్ల చప్పుడు. "ఏమైందమ్మా? ఆ హోటలు?"

"అక్కడ పిల్లల్ని రానివ్వరట."

 నవ్వు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని సీసాలక్క ఎదురుచూసింది. టైల్సావిడ నవ్వలేదు. "వచ్చేయండి. మా పక్క గది ఖాళీగానే ఉంది" అంది. నవ్వి ఉంటే బాగుండేది. తిట్టుకోవడానికైనా ఏదో ఒకటి దొరికేది.

రిసార్టులో అడుగు పెట్టగానే ఆ ఘాటు వాసన. సీసాలక్క కళ్లు మండాయి. వంద మంది పిల్లలుంటారు ఆ నీళ్లలో. వాళ్ల కేకలకి పక్కన మాట వినబడడం లేదు. బుడ్డోడు మొసలితో సహా తండ్రి చంకలోంచి దూకి లోతులేని వైపు పడ్డాడు, లిఫ్టాయన ప్యాంటు మడిచి వెనకే దిగాడు. పెద్దపిల్ల పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తింది. టైల్సావిడ గొడుగు కింద కుర్చీలో కాళ్లు చాపుకుని ఫోను చూసుకుంటూ, "వచ్చావా, పో, ఎక్కు పో" అని వీపు మీద ఒక్కటి చరిచింది. అంతే. ఆ మాత్రానికే పిల్ల రెక్కలొచ్చినట్టు మెట్లెక్కింది.

సీసాలక్క జారుడుబల్ల దిగువన, నీళ్ల అంచున నిలబడింది. పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపింది. పిల్ల వచ్చి పడే చోట ఎంత లోతుందో, మునిగేవాళ్లను కాపాడే మనిషి ఎక్కడున్నాడో, జారేటప్పుడు మోచేయి ఎక్కడ తగలొచ్చో, అన్నీ చూసుకుంది. పైకి చూసి చేతులు చాచింది. "రా తల్లీ, నేనున్నాను. నోరు మూసుకో. ముక్కు మూసుకో. కళ్లు తెరవకు. ఆ నీళ్లు మింగకు. నెమ్మదిగా!"

పిల్ల పైన కూర్చుంది. కిందికి చూసింది. అలాగే కూర్చుంది. వెనక పిల్లలు గోల పెట్టారు. ఆఖరికి లేచి, వాళ్లందర్నీ తోసుకుంటూ మెట్లు దిగి వచ్చేసింది.

"ఏమైంది? భయమేసిందా?"

"నువ్వు చూస్తుంటే భయమేస్తోంది."

"అదేంటే? నేను పట్టుకుందామనే కదా చూస్తున్నది?"

"నువ్వు ఏమవుతుందోనని చూస్తావు. నువ్వు అలా చూస్తే నాకూ ఏదో అవుతుందనిపిస్తుంది. పెద్దమ్మ చూడదు. అందుకే బాగుంటుంది." పిల్ల కాళ్లు మారుస్తూ నిలబడింది. "అమ్మా, నువ్వు కాసేపు చూడకుండా ఉండవా?"

ఇది చెబుతున్నప్పుడు సీసాలక్క నా బల్ల మీద ఖాళీ సీసాలను సర్దుతోంది. సర్దినవే మళ్లీ సర్దింది. ఇన్నాళ్లూ ఆ టైల్సావిడలో ఏముందా, ఏం పెట్టి నా పిల్లని లాక్కుంటోందా అని తెగ వెతికాను చెల్లీ, అంది. ఫోనులోంచి తలెత్తకపోవడమే ఆవిడ గొప్పని ఎవరనుకుంటారు?

 నా కూతురు అప్పుడప్పుడే నడుస్తోంది. మా ఇంట్లో దాని వెనక నేను రెండు చేతులూ చాచి తిరుగుతుంటాను. మా అత్తగారి దగ్గరైతే అది పరుగెత్తుతుంది.

సీసాలక్క నీళ్ల అంచు వదిలి గొడుగు దగ్గరికి వచ్చింది. కుర్చీని తిప్పి, కొలనుకి వీపు పెట్టి, తోడికోడలికి ఎదురుగా కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఒకదానితో ఒకటి పట్టుకుంది.

"ఏంటమ్మా అలా కూచున్నావు?" అంది టైల్సావిడ.

"నన్ను చూడొద్దంది. మీరు చూడండక్కా. ఫోను పక్కన పెట్టి చూడండి. నాకు చెప్పండి."

టైల్సావిడ మారుమాట లేకుండా ఫోను బోర్లించింది. కళ్లద్దాలు పైకి జరుపుకుని కొలను వైపు చూసింది.

"ఎక్కుతోందా?"

"ఎక్కుతోంది. సగం ఎక్కింది. పైకి వచ్చేసింది."

"ఏం చేస్తోంది?"

"కూచుంది. ఇటే చూస్తోంది. నువ్వు తిరుగుతావేమోనని చూస్తోంది."

సీసాలక్క కదల్లేదు. వీపుకి కళ్లు మొలిస్తే బాగుండనిపించిందని చెప్పింది. తన కడుపున పుట్టిన పిల్ల మొదటిసారి ఎత్తు నుంచి జారబోతుంటే, అది చూసే భాగ్యం ఎవరికి పోయింది? ఎదురుగా ఉన్న రెండు కళ్లనే చూస్తూ కూర్చుంది. వాటిలో ఏదైనా కదిలితే తెలుస్తుందని.

వాటిలో కదిలింది. వెనక ఓ పెద్ద చప్పుడైంది, నీళ్ల తుంపర్లు వచ్చి ఆమె మెడ మీద పడ్డాయి.

"వచ్చేసింది!" టైల్సావిడ కుర్చీలో ముందుకి వంగింది.

"ఎలా వచ్చింది? ముక్కు మూసుకుందా?"

"లేదు. నోరు తెరుచుకుని, అరుచుకుంటూ వచ్చింది."

"నోరు తెరుచుకునా?" సీసాలక్క సగం లేచింది. టైల్సావిడ చెయ్యి చాచి ఆమె భుజం పట్టి నొక్కింది.

"కూచో. తిరక్కు. ఏమీ కాలేదు. లేచింది, మళ్లీ ఎక్కుతోంది."

సీసాలక్క కూర్చుంది. కళ్లు ఆ వాసనకే మండుతున్నాయని పమిటచెంగుతో ఒత్తుకుంది.

"నవ్వుతోందా?"

"నవ్వుతోంది" అంది టైల్సావిడ, ఆ నవ్వు మీంచి చూపు తిప్పకుండా.